వినిపించడం వేరు, విననివ్వడం వేరు



మన ఇళ్లల్లో నానీమా నోట, దాదీమా నోట రోజూ వినే దుఆ ఒకటుంది: యా అల్లా, ఎవరికీ మొహతాజ్ చేయకు. జానమాజ్ మడిచేటప్పుడు అంటారు, మోకాలు పట్టుకుని లేచేటప్పుడు అంటారు, మంచాన పడిన బంధువు గురించి చెప్పుకునేటప్పుడు అంటారు. అది చావు భయం కాదు. మంచినీళ్ల గ్లాసు కోసం మరొకరి మొహం చూడాల్సి వస్తుందేమో అన్న భయం.

ఆ దుఆకి మనం ఆమీన్ అంటాం. మళ్లీ మనమే, ఇంట్లో చూపు పోయిన మనిషి ఉంటే, ఒక పాట ఆపడానికీ ఒక రేడియో స్టేషన్ మార్చడానికీ కూడా ఆయన్ని మనకి మొహతాజ్ చేసేస్తున్నాం. జుల్మ్‌తో కాదు, మొహబ్బత్‌తోనే. "మీకెందుకు అబ్బా తకలీఫ్, నేను పెడతాగా" అంటూ. ఆ మాట వెనక ఉన్న నియ్యత్ మీద నాకు షక్ లేదు. దాని ఫలితం మీదే నా ఏతరాజ్. చూపు లేని మనిషికి పాట వినిపించడం ఖిద్మత్ కావచ్చు. తనకి కావలసింది తానే వెతుక్కుని వినడం మాత్రం ఆ మనిషి హక్కు. మన ఖిద్మత్ ఆ హక్కుని మింగేయకూడదు.

సంగీతం జాయజా కాదా అన్న బహస్ ఇక్కడ తెరవను. ఆ లెక్క ఎవరిది వాళ్లది. తిలావత్ వినే ఫోనూ, నాత్ వినే ఫోనూ, ఘంటసాలని వినే ఫోనూ ఒకటే. బటన్ పేరు పలక్కపోతే మూడూ ఒక్కచోటే ఆగిపోతాయి.

మా ఖాలూ సంగతి చెబుతాను. ఆయనది చోడవరం. కాగితాల మీద 2022 ఏప్రిల్ నుంచి అది అనకాపల్లి జిల్లా, మా నోటికి మాత్రం ఇంకా విశాఖపట్నం జిల్లానే. నలభై ఏళ్లు టైలరింగ్ చేశారు. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు బళ్లు కదిలే రోజుల్లో దుకాణంలో పని రాత్రి దాకా సాగేది. మిషను పక్కన అరమీద రేడియో. పొద్దున్న విశాఖపట్నం కేంద్రం, మధ్యాహ్నం వివిధ భారతి. స్టేషన్ మార్చడానికి ఆయన తలెత్తి చూసేవారు కాదు. ఎడమ చెయ్యి గుడ్డ మీదే ఉండేది, కుడి చెయ్యి పోయి చక్రం తిప్పి వచ్చేది. ఎంత తిప్పితే ఏ ఊరు పలుకుతుందో వేలికి తెలుసు.

అరవై దాటాక కాలా మోతియా వచ్చింది. తెలుగులో నీటికాసులు అంటారు. సఫేద్ మోతియా, అంటే శుక్లం, ఆపరేషన్‌తో పోతుంది. కాలా మోతియాలో పోయిన చూపు తిరిగి రాదు, వైద్యం మిగిలినదాన్ని కాపాడుతుందంతే. ఈయనకి మిగిలింది వెలుతురూ చీకటీ తేడా మాత్రమే.

రేడియో పాడైంది. దుబాయ్ నుంచి కొడుకు స్మార్ట్‌ఫోన్ పంపాడు. కోడలు అందులో ఒక ప్లేలిస్టు పెట్టింది: నాత్‌లు, బయాన్లు, మళ్లీ నాత్‌లు. చూపు పోయిన మనిషిని ఇంట్లోవాళ్లు రాత్రికి రాత్రే పీర్ సాహెబ్‌ని చేసేస్తారు. ఐదు పూటలా నమాజ్ చదివే మనిషే ఆయన. కానీ మధ్యాహ్నం మూడింటికి ఆయన మనసుకి కావలసింది బయాన్ కాదు, ముకేష్. "బేటీ, ఈ మౌలానా సాబ్ రోజూ నన్నే తిడుతున్నట్టుంది, కాస్త మార్చమ్మా" అని మనవరాలిని అడిగేవారు. మనవరాలు బడికి పోయిన రోజు ఆ తిట్లు సాయంత్రం దాకా వినడమే.

ఇది నవ్వులాట విషయంలా కనిపిస్తుంది. కానీ ఆలోచించండి. నలభై ఏళ్లు తన చేత్తో తాను స్టేషన్ మార్చుకున్న మనిషి ఇప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల బడి నుంచి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. పోయింది చూపు ఒక్కటే. ఇఖ్తియార్‌ని పోగొట్టింది కాలా మోతియా కాదు.

పాత రేడియో ఎందుకంత సులువుగా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకుందాం. చక్రం ఒక్కటే కారణం కాదు, మాట కూడా కారణం. వివిధ భారతి 1957 అక్టోబర్ 3న మొదలైంది. పాటకి ముందు సినిమా పేరు, పాడినవాళ్లు, రాసినవాళ్లు, సంగీతం చేసినవాళ్లు, అన్నీ చెప్పడం రేడియోలో ఒక అదబ్. గ్రామఫోన్ రికార్డు మధ్యన గుండ్రటి కాగితం మీద అచ్చేసి ఉన్నదాన్ని అనౌన్సర్ చదివి వినిపించేవారన్నమాట. 1952 నుంచి రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా నడిపిన అమీన్ సయానీ సాహెబ్ 2024 ఫిబ్రవరిలో గతించినప్పుడు మన పెద్దవాళ్లు ఇంటి మనిషి పోయినట్టు బాధపడ్డారు. ఆయన చేసిన పని, శ్రోత చూడలేనిదాన్ని ఆవాజ్‌లో పెట్టడం. రేడియో ముందు కూర్చున్నాక కళ్లున్నవాళ్లూ లేనివాళ్లూ బరాబర్. ఒక రకంగా అనౌన్సరే మన తొలి స్క్రీన్ రీడర్.

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఒక పేరు చెప్పాలి. 1934 మే 31న కైరోలో ఈజిప్టు రేడియో మొదలైనప్పుడు దాన్ని తిలావత్‌తో ఆరంభించినవారు షేక్ ముహమ్మద్ రిఫ్అత్. పసితనంలోనే చూపు పోయిన ఖారీ ఆయన. ఇటు మన హైదరాబాద్‌లో దక్కన్ రేడియో నిలదొక్కుకుంటున్నదీ ఆ దశాబ్దంలోనే. ఒక దేశపు రేడియోకి తలుపు తెరిచింది చూపు లేని మనిషి గొంతు. ఈ రోజు అలాంటి మనిషి, ఆ షేక్ సాహెబ్ తిలావత్‌నే తన ఫోన్‌లో వెతుక్కుని వినాలంటే ఏదో ఒక యాప్‌లో పేరు లేని బటన్ దగ్గర ఆగిపోవచ్చు.

పేరు లేని బటన్ అంటే ఏమిటో చెప్పాలి. అసలు గొడవంతా అక్కడే ఉంది.

స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉన్నదాన్ని మాటల్లో చెప్పే సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ ముందే ఉంటాయి, కొనక్కర్లేదు. విండోస్ కంప్యూటర్‌కి ఎన్‌వీడీఏ ఉంది. ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపు లేని యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టాడు. జేమ్స్ తే అనే మరో చూపు లేని మిత్రుడు తోడయ్యాడు. చూపు ఉన్నవాళ్లు కంప్యూటర్ తెరకి వేరే డబ్బు కట్టనప్పుడు, చూపు లేనివాళ్లు దాన్ని వినడానికి ఎందుకు కట్టాలన్నది వాళ్ల సవాల్. అందుకే అది నేటికీ ముఫ్త్.

ఈ సాఫ్ట్‌వేర్‌కి కళ్లు లేవు. అది బొమ్మని చూసి అర్థం చేసుకునేది తక్కువ. యాప్ తయారుచేసినవాళ్లు లోపల రాసిపెట్టిన మూడు సంగతులే అది ముఖ్యంగా చెబుతుంది: దీని పేరేమిటి, ఇది ఎలాంటి వస్తువు, ఇప్పుడు ఏ హాలత్‌లో ఉంది. "ప్లే, బటన్." "షఫుల్, స్విచ్, ఆన్." తెర మీద వేలు పక్కకి జరిపితే ఒక్కొక్కటీ ఇలా పలుకుతుంది. కావలసింది వినపడగానే రెండుసార్లు తడితే పని జరుగుతుంది. తయారుచేసినవాళ్లు త్రికోణం బొమ్మ పెట్టి లోపల పేరు రాయకపోతే పాపం అది కూడా ఏం చేస్తుంది? చాలాసార్లు "బటన్" అని ఊరుకుంటుంది. పక్కకి జరిపితే మళ్లీ "బటన్." ఆ పక్కన ఇంకో "బటన్." వాటిలో ఒకటి పాట ఆపుతుంది, ఒకటి తర్వాతి పాట వేస్తుంది, ఒకటి పాటని జాబితా నుంచి తీసేస్తుంది. ఏది ఏదో తడిమి తెలుసుకోవాలి. ఒక్క లఫ్జ్ రాస్తే తీరిపోయే తకలీఫ్ ఇది.

పాటల సంగతికొస్తే ఇంకా కొన్ని ఉన్నాయి. ప్లేలిస్టులో పాటని పైకో కిందికో జరపాలంటే పక్కనున్న మూడు గీతల్ని వేలితో పట్టుకుని లాగాలి. కళ్లున్నవాళ్లకి అది ఆట. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి గోడ. "పైకి జరుపు", "కిందికి జరుపు" అని రెండు మాటలు మెనూలో పెడితే ఆ గోడ ఉండదు. పెట్టిన యాప్‌లూ ఉన్నాయి, అంటే అసాధ్యమేమీ కాదు.

రేడియో స్ట్రీమ్‌ది మరో రకం. స్టేషన్ తట్టాక తెర మీద చిన్న చక్రం తిరుగుతుంది. కళ్లున్నవాడు దాన్ని చూసి ఆగుతాడు. చూపు లేని మనిషికి వినపడేది ఖామోషీ ఒక్కటే. స్టేషన్ వస్తోందా, నెట్ పోయిందా, పొరపాటున తానే ఆపేశాడా, తెలీదు. మళ్లీ తడతాడు, అప్పుడే వచ్చిన స్టేషన్ ఆగిపోతుంది. "కనెక్ట్ అవుతోంది", "స్టేషన్ అందడం లేదు" అని యాప్ ఒక మాట పలికితే చాలు. రైల్వే స్టేషన్‌లో బండి లేటైతే మైకులో చెబుతారుగా, అంతే పని.

ఇక అప్‌డేట్లు. మన ఉర్దూలో చూపు లేని మనిషిని హాఫిజ్ జీ అని పిలవడం పాత అదబ్. వాళ్లు కళ్లతో కాక హాఫిజాతో, అంటే జ్ఞాపకంతో బతుకుతారని ఆ పిలుపులో ఒక ఇజ్జత్ ఉంది. ఈ హాఫిజ్ జీ యాప్‌ని కూడా కంఠస్థం చేస్తారు: కింద ఎడమ మూల నుంచి మూడోది లైబ్రరీ, అందులో పైనుంచి రెండోది తన జాబితా. ఓ రాత్రి అప్‌డేట్ వస్తుంది, తెల్లారేసరికి అన్నీ తారుమారు. ఇంట్లో మంచం, కుర్చీ, నీళ్ల బిందె చెప్పకుండా జరిపేసినట్టు. చూపు లేని మనిషి ఉన్న ఇంట్లో అలా ఎవరం చేయం. చేస్తే కాలికి దెబ్బ తగులుతుంది కాబట్టి. ఫోన్‌లో తగిలే దెబ్బ కనపడదు కాబట్టి ఎవరికీ పట్టదు.

ఈ స్ట్రీమ్‌ల గురించి ఇంత పట్టుదల దేనికంటే, మనలాంటి చిన్న ఊళ్ల ఉర్దూ కుటుంబాలకి అవి మామూలు వస్తువులు కావు. హైదరాబాద్ కేంద్రం ఉర్దూ ప్రోగ్రామ్ నైరంగ్ వినాలంటే మా వైపు మీడియం వేవ్‌లో గరగరలతో కుస్తీ పట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఆకాశవాణి కేంద్రాలు ఇంటర్నెట్‌లో వస్తున్నాయి. విశాఖపట్నం తెలుగూ, హైదరాబాద్ ఉర్దూ, ఢిల్లీ ఉర్దూ సర్వీస్, మూడూ ఒక్క అరచేతిలో. చోడవరంలో కూర్చున్న ఒక టైలర్‌కి తన రెండు జబాన్లూ ఒక్కచోట దొరకడం పాత రేడియో ఎన్నడూ ఇవ్వని నేమత్. ఆ నేమత్ తలుపు మీద గుబ్బ లేదంటే కడుపు మండదా?

రెండు జబాన్లన్నాను కాబట్టి, మన ఇళ్లకే ప్రత్యేకమైన ఒక చిక్కు కూడా చెబుతాను. స్క్రీన్ రీడర్ మాట్లాడేది ఏదో ఒక భాష ఆవాజ్‌తో. తెలుగు ఆవాజ్ పెట్టుకున్న ఫోన్‌కి ఉర్దూ లిపిలో ఉన్న ఖవ్వాలీ పేరు ఎదురైతే, సెట్టింగ్‌ని బట్టి దాన్ని వదిలేసి పోవచ్చు. రోమన్ అక్షరాల్లో ఉంటే ఇంగ్లీషు ఆవాజ్ దాన్ని పట్టుకుని నమిలేస్తుంది. ఉర్దూ ఆవాజ్ పెట్టుకున్నా పూర్తిగా తీరదు. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని, తర్వాత డిగ్రీ తెలుగులో చేశాను. ఈ రెండు లిపుల తేడా నాకు బెత్తం దెబ్బలతో తెలుసు. ఉర్దూ రాతలో జేర్, జబర్, పేష్ అక్సర్ రాయం, చదివేవాడు అర్థాన్ని బట్టి అందుకుంటాడు. యంత్రం ఊహిస్తుంది, ఆ ఊహ కొన్నిసార్లు తప్పుతుంది. మా ఉస్తాద్ వింటే తలఫ్ఫుజ్ గురించి యంత్రం చెవి కూడా మెలిపెట్టేవారు. తెలుగులో అలా కాదు. గుణింతం అంతా అక్షరం మీదే కూర్చుని ఉంటుంది.

అందుకే నా మష్వరా ఒకటి: ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ తెలుగు ఆవాజ్‌తో నడుస్తుంటే, వాళ్ల ఉర్దూ పాటల పేర్లనీ ఖవ్వాలీల పేర్లనీ తెలుగు అక్షరాల్లో రాసిపెట్టండి. ఖాఫ్, కాఫ్ తేడా పోతుంది, నిజమే. కానీ మనిషికి పాట దొరుకుతుంది. "ట్రాక్ 07", "ఆడియో 2023" లాంటి పేర్లని మాత్రం ఏ జబాన్‌లోనూ ఉంచకండి.

అసలు ప్లేలిస్టు అంటే మాయ ఏమీ కాదు, కిరాణా చీటీ లాంటిది. కంప్యూటర్‌లో ఎమ్‌త్రీయూ అనే రకం ఫైల్ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒక్కో లైనులో ఒక్కో పాట ఎక్కడుందో, లేదా ఒక్కో రేడియో స్ట్రీమ్ చిరునామా ఏమిటో రాసి ఉంటుంది. దాని పై లైనులో ఆ పాట పేరు రాయొచ్చు. వీఎల్‌సీ లాంటి ప్లేయర్ దాన్ని వరసగా వాయిస్తుంది. పాటని పైకి జరపాలంటే ఏ గీతల్నీ లాగక్కర్లేదు. ఆ లైను కోసి పైన అతికిస్తే సరి. స్క్రీన్ రీడర్‌కి మామూలు అక్షరాల కంటే ఇష్టమైనది లేదు. పాతకాలం విన్‌యాంప్‌ని చూపు లేనివాళ్లు ఇష్టపడింది కూడా ఇందుకే: కీబోర్డు మీద ఎక్స్ నొక్కితే పాట, సి నొక్కితే విరామం, బి నొక్కితే తర్వాతి పాట. తెర ముస్తాబు పెరిగే కొద్దీ ఇలాంటి సాదా దారులు తగ్గిపోతున్నాయి.

ఇక మనవాళ్లు చెప్పే మాటలకి జవాబు ఇవ్వాలి.

"నోటితో అడిగితే పాడే స్పీకర్ కొనిస్తే పోలేదా?" కొనివ్వండి, మంచిదే. కానీ అది అడిగిన పాట వేస్తుంది, అదీ పేరు సరిగ్గా అర్థమైతే. మన నోట వచ్చే ఉర్దూ, తెలుగు కలిసిన పేరు దానికి ఎన్నిసార్లు అర్థమవుతుందో వాడినవాళ్లకి తెలుసు. పైగా ఏ పాట కావాలో ఇల్లంతా వినేలా అడగాలి. అర్ధరాత్రి నిద్ర పట్టని మనిషి ఎవరినీ లేపకుండా చెవిలో పెట్టుకుని వినాలనుకుంటే? తనకి ఇష్టమైన పాట ఏదో కోడలికి తెలియాల్సిన అవసరం ఏముంది? చూపు లేనంత మాత్రాన పర్దా అవసరం లేకుండా పోదు.

"ముందు పెన్షను, బ్యాంకు, ఆసుపత్రి యాప్‌లు చూడాలి గానీ పాటలేమిటి?" ఈ మాట తరచూ వింటాను. కానీ స్క్రీన్ రీడర్ నేర్చుకోవడానికి రేడియోని మించిన మదర్సా లేదు. బ్యాంకు యాప్‌లో వేలు తప్పితే డబ్బు పోతుంది, మనిషి హడలిపోయి మళ్లీ ముట్టుకోడు. రేడియోలో వేలు తప్పితే ముకేష్ బదులు రఫీ వస్తారు. పక్కకి జరపడం, రెండుసార్లు తట్టడం, వెనక్కి రావడం, రెండుచోట్లా ఒకటే. షౌక్ ఉన్నచోట నేర్చుకున్న చెయ్యి అవసరం ఉన్నచోటికి తానే వెళ్తుంది.

"ఈ వయసులో నేర్చుకుంటారా?" కళ్లు మూసుకుని కూడా సూదిలోకి దారం ఎక్కించిన వేళ్లు అవి. అడిగే ముందు అది గుర్తు చేసుకోండి.

ఇది ఇంటి మంచితనంతో తేలిపోయే విషయం మాత్రమే కాదు, చట్టం కూడా ఉంది. 2011 జనగణన లెక్కలో చూపు సమస్య ఉన్నవాళ్లు మన దేశంలో యాభై లక్షలకు పైనే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, ఆడియో అయినా అచ్చు అయినా ఎలక్ట్రానిక్ అయినా, అందులో ఉన్నది వాళ్లకి అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలని చెబుతుంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ సౌకర్యాలు ఇష్టముంటే పాటించే సలహాల్లా ఉండకూడదు, తప్పనిసరి ప్రమాణాలుగా ఉండాలంది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో, డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమే అంది. అంటే పేరు లేని బటన్ గురించి మనం చేసేది బతిమాలుకోవడం కాదు. యాప్ స్టోర్‌లో ఆ యాప్ కింద తెలుగులోనే రాయండి: ఫలానా తెరలో ఫలానా బటన్ పేరు పలకడం లేదు, సరిచేయండి. "బాగోలేదు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ బటన్, ఎక్కడ, ఏమని పలుకుతోంది, ఈ మూడూ రాస్తే తయారుచేసేవాడికి పని దొరుకుతుంది.

ఖిద్మత్‌కీ హక్కుకీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న సవాల్‌కి మన దగ్గరే ఒక పాత జవాబుంది. హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ రజియల్లాహు అన్హు చూపు లేని సహాబీ. మదీనాలో ఫజర్ అజాన్ ఆయన ఇచ్చేవారు. రమజాన్‌లో ఆయన అజాన్ వినేదాకా సహరీ తినవచ్చన్న హదీస్ మీలో చాలామందికి తెలుసు. తెల్లవారింది అని పక్కవాళ్లు చెబితే ఆయన అజాన్ మొదలుపెట్టేవారు. అంటే కంటికి సంబంధించిన ఖబర్ మాత్రమే పక్కవాళ్లది. అజాన్ ఆయనదే. చూడలేరు కదా అని ఆయన బదులు మరొకరు ఇచ్చేయలేదు. ఖబర్ అందించి పక్కకి తప్పుకోవడం, స్క్రీన్ రీడర్ చేసేదీ అదే, ఇంట్లో మనం చేయాల్సిందీ అదే.

మా ఖాలూ విషయంలో జరిగింది కూడా ఇంతే. మనవరాలు ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టింది, ఆవాజ్ వేగం తగ్గించింది, రేడియో యాప్‌ని తెర మీద కింద ఎడమ మూలకి తెచ్చింది. మొదటి వారం ఆయనకి చిరాకు, ఆ గొంతు మరీ ఎక్కువ మాట్లాడుతోందని. రెండో వారం, రెండు వేళ్లతో రెండుసార్లు తడితే పాట ఆగుతుందని తెలిసింది. ఆ రోజు ఊరికే ఓ పదిసార్లు ఆపి, పదిసార్లు వేశారట. ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికి ఏం వినాలో ఆయన ఇష్టం. విశేషమేమిటంటే, జుమా రాత్రి ఆ బయాన్ ఒకటి తానే వెతుక్కుని వింటున్నారు. బలవంతం పోయాక తిట్లు కూడా తీపే కాబోలు.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లుంటే ఒక్క అరగంట చాలు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి టాక్‌బ్యాక్ పెట్టండి. దాన్ని ఆన్ చేసేందుకు, ఆపేందుకు వాల్యూమ్ కీలు రెండూ కలిపి నొక్కిపట్టే షార్ట్‌కట్ ఉంటుంది, అది చూపించండి. తెలుగు ఆవాజ్ దించండి, ఉర్దూ కావాలంటే ఉర్దూది కూడా. పేరు పలకని బటన్ ఎదురైతే, చాలా యాప్‌లలో టాక్‌బ్యాక్ మెనూ నుంచి దానికి మీరే పేరు పెట్టొచ్చు: "ఆపు", "తర్వాతి పాట", మీ ఇంటి జబాన్‌లో. రోడ్డు మీదికి వెళ్లేవాళ్లకి ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోమని చెప్పండి, రెండో చెవి బళ్ల కోసం. ఏ పాటలు, ఏ స్టేషన్లు కావాలో మాత్రం వాళ్లనే అడగండి. వాళ్లు చెప్పినవే పెట్టండి, మీకు నచ్చినవి కాదు.

ఆ తర్వాత వాళ్ల పక్కన కూర్చోండి. వేలు తప్పుతుంది, వేరే స్టేషన్ వస్తుంది, పాట మధ్యలో ఆగుతుంది. మీ చెయ్యి ఫోన్ మీదికి పోబోతుంది. ఆ చేతిని ఆపుకోండి. ఆ కాస్త సబ్ర్ చాలు, వాళ్ల పాట వాళ్లు వెతుక్కుంటారు.